పాలపుంత నడిబొడ్డున మసక ఎక్స్‌రే ఉద్ధృతులను కొలిచే విధానం

న్యూట్రాన్ నక్షత్రమో కృష్ణబిలమో తన జంట నక్షత్రం నుంచి వాయువును లాగేసుకునేటప్పుడు పుట్టే ఎక్స్‌రే ఉద్ధృతి సాధారణంగా సెకనుకు 10³⁶ ఎర్గ్‌లను (ఎర్గ్ అంటే శక్తిని కొలిచే ఒక ప్రమాణం) దాటిపోతుంది. అయితే 10³⁴కూ 10³⁶కూ మధ్యనే ఆగి, కొన్ని రోజులకో వారాలకో చల్లారిపోయేవీ ఉన్నాయి. ఆకాశమంతటినీ కాపలా కాసే పరికరాలకు ఇవి ఆనవు కనుక, ఒకే చోటును పదేపదే చూసిన పరిశీలనలనే ఆశ్రయించాలి. స్విఫ్ట్ ఉపగ్రహం 2006 ఫిబ్రవరి నుంచి పాలపుంత కేంద్రాన్ని దాదాపు రోజూ, సుమారు 1000 సెకన్ల చొప్పున చూస్తూ వచ్చింది. ఆ డేటా నాసా వారి హీసార్క్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతుంది. సూర్యుడు అటువైపు ఉన్నందువల్ల నవంబరు నుంచి ఫిబ్రవరి ఆరంభం వరకు పరిశీలనలుండవు, కాబట్టి ఉద్ధృతి ఎన్నాళ్లు సాగిందో చెప్పేటప్పుడు ఆ ఖాళీని లెక్కలోకి తీసుకోవాలి.

డేటాను అదే భాండాగారం అందించే హీసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌తో శుద్ధి చేశాక 2 నుంచి 10 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల ఫోటాన్లనే ఉంచుకోండి. అంతకంటే తక్కువ శక్తి గలవాటిని దారిలోని వాయువు, ధూళి దాదాపుగా మింగేస్తాయి.

అసలు చిక్కు నేపథ్యాన్ని తీసివేయడంలో ఉంది. స్విఫ్ట్ దర్పణం ఒక చుక్క (ఎక్స్‌రేలు వెలువరించే జంట) వెలుగును 18 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను డిగ్రీలో 3600వ వంతు) వ్యాసమున్న వృత్తంలోకి సగం మేరకే కూర్చగలదు. మిగతా సగం చుట్టుపక్కల చిందుతుంది. కేంద్రంలో ఆ చిందిన వెలుగుకు వేడి వాయువు వెలుగు, పొరుగు చుక్కల వెలుగు తోడవుతాయి. అందుకే పాఠ్యపుస్తకాల్లో చెప్పినట్టు చుట్టూ వలయం గీసి నేపథ్యం తీసుకోవడం ఇక్కడ పనికిరాదని నా అభిప్రాయం. అదే చోట, అదే వృత్తంలో, చుక్క నిద్రపోతున్న రోజుల చిత్రాలను కలిపి తీసుకున్న నేపథ్యమే నమ్మదగినది. మరో జాగ్రత్త కూడా ఉంది: 2005 మేలో సూక్ష్మ ఉల్క తాకి, డిటెక్టర్‌లో కొన్ని నిలువు వరుసలు పాడయ్యాయి. చుక్క వాటి మీద పడిన రోజున అది మసకబారినట్టు కనిపిస్తుంది కనుక, డిటెక్టర్‌లో ఏ చోటు ఎంత మేరకు వెలుగును అందుకుందో చూపే ఎక్స్‌పోజర్ మ్యాప్‌తో సరిచేయకుండా తగ్గుదల అని తేల్చకండి.

దూరాన్ని 8 కిలోపార్సెక్‌లుగా (సుమారు 26,000 కాంతి సంవత్సరాలు) తీసుకుంటే, సెకనుకు 10³⁵ ఎర్గ్‌ల ఉద్ధృతి మన దగ్గర చదరపు సెంటీమీటరుకు సెకనుకు సుమారు 1.3×10⁻¹¹ ఎర్గ్‌లుగా అందుతుంది. 1000 సెకన్లలో చేతికొచ్చే ఫోటాన్లు పదుల్లోనే ఉంటాయి. ఇంత తక్కువ లెక్కకు కై-వర్గ పద్ధతి తప్పుదారి పట్టిస్తుంది, కాబట్టి వర్ణపటాలను విశ్లేషించే ఎక్స్‌స్పెక్ సాఫ్ట్‌వేర్‌లో, కొద్దిపాటి ఫోటాన్లకు సరిపడే క్యాష్ గణాంకాన్ని వాడండి. ఒక్క ఫోటానూ రాని రోజున, నేపథ్యాన్ని విస్మరించదగినప్పుడు, 95 శాతం విశ్వాసంతో గరిష్ఠ పరిమితి 3 ఫోటాన్లు అవుతుంది. ఆ రోజును సున్నాగా కాక ఈ పరిమితితోనే గ్రాఫులో చూపాలి.

2015లో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్‌లోనూ మృదు ఎక్స్‌రే దూరదర్శిని ఉంది గానీ, దాని చుక్క ఆర్క్‌నిమిషాల మేరకు పరుచుకుంటుంది కాబట్టి, ఇంత కిక్కిరిసిన చోట పొరుగువాటి నుంచి దాన్ని విడదీయడం కష్టం.

చివరగా, ఫోటాన్ల రాకను సెకన్ల వారీగా పరచి చూడండి. ఉన్నట్టుండి ఎగసి, క్రమంగా చల్లబడుతూ సెకన్లలోనో నిమిషాల్లోనో తగ్గే ఉష్ణకేంద్రక విస్ఫోటం ఒక్కటి కనిపించినా, అక్కడున్నది కృష్ణబిలం కాదు, న్యూట్రాన్ నక్షత్రమే; ఆ పేలుడుకు వాయువు పోగుపడే ఉపరితలం కావాలి, కృష్ణబిలానికి అది లేదు.