గడ్డ కరిగింది కదా అని ఆపరేషన్ మానేయకండి: ముందు కీమో తీసుకునేవాళ్ళకి జాగ్రత్తలు

మొన్న సోమవారం మా ఓపీకి ఒకావిడ వచ్చింది, నేను కీమో డేకేర్‌లో పదకొండేళ్ళుగా నర్సుని, మొహం చూడగానే గుర్తుపట్టాను. పోయినేడాది రొమ్ము క్యాన్సర్‌కి మా దగ్గరే ఆపరేషన్‌కి ముందు కీమో తీసుకుంది. నిమ్మకాయంత గడ్డ నాలుగో సైకిల్‌కే (విడతకే) చేతికి తగలకుండా పోయింది, ఇంట్లోవాళ్ళు మొక్కు కూడా తీర్చుకొచ్చారు, సర్జరీకి మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే "గడ్డే లేదు కదమ్మా, ఇంక దేన్ని కోస్తారు" అన్నాడు వాళ్ళాయన. ఇప్పుడు రొమ్ము మీద పుండు, ఎముకల్లోకి కూడా పాకింది. రెండ్రోజులు అన్నం సహించలేదు నాకు, అందుకే ఇది రాస్తున్నా. జుట్టు ఊడటం, వాంతులు, ఏం తినాలి, ఇవన్నీ ఎవరైనా చెప్తారు.

నేను చెప్పేది ఒక్కటే. గడ్డ కరగడం వేరు, క్యాన్సర్ పోవడం వేరు.

1988లో అమెరికాలో బి-18 అని ఒక ట్రయల్ మొదలుపెట్టారు, 1,523 మంది ఆడవాళ్ళు, కొందరికి ఆపరేషన్‌కి ముందు కీమో, కొందరికి తర్వాత, మందులు అవే. ప్రాణం నిలవడంలో తేడా రాలేదు, కానీ ముందు తీసుకున్నవాళ్ళలో రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ వరకే తీస్తే సరిపోయినవాళ్ళు ఎక్కువ. ఇంతవరకు అందరికీ నచ్చుతుంది. అదే ట్రయల్లో ఇంకో లెక్క ఉంది, ముందు కీమో తీసుకున్నవాళ్ళలో 36 శాతం మందికి గడ్డ డాక్టర్ చేతికి తగలకుండా పోయింది, తీరా ఆపరేషన్ చేసి ముక్కని మైక్రోస్కోప్ కింద చూస్తే ఆ 36 శాతంలో పాకే కణాలు నిజంగా లేనివాళ్ళు 26 శాతమే. అంటే చేతికి ఏమీ తగలనివాళ్ళలో నలుగురిలో దాదాపు ముగ్గురికి లోపల ఉంది! ఇప్పటి మందులు ఇంకా బలమైనవి, హెర్2 పాజిటివ్ (కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువున్న రకం), ట్రిపుల్ నెగటివ్ (ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గుర్తులు, హెర్2 మూడూ లేని రకం) వాళ్ళలో పూర్తిగా పోయేవాళ్ళు చాలామందే, కానీ ఎవరికి పోయిందో ముక్క తీసి చూస్తేనే తెలుస్తుంది. స్కాన్ బాగుందంటే స్కాన్ బాగుందని మాత్రమే.

కీమో మొదలయ్యే ముందు

గడ్డలో క్లిప్ పెట్టించుకోండి. చిన్న లోహపు ముక్క, గింజంత కూడా ఉండదు. గడ్డ కరిగిపోయాక అది ఎక్కడుండేదో సర్జన్‌కి చూపించేది అదొక్కటే. చంకలో బిళ్ళ కట్టి అందులో క్యాన్సర్ తేలితే దానికి కూడా అడగండి, కీమో తర్వాత చంకలో రెండు మూడు బిళ్ళలే తీసి పరీక్ష చేస్తే ఉన్న క్యాన్సర్ కొందరిలో దొరక్కుండా పోతుంది, గుర్తు పెట్టిన బిళ్ళని కూడా తీస్తే ఆ తప్పు తగ్గుతుంది.

బయాప్సీ బ్లాకులు (మొదట పరీక్షకి తీసి మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్కలు) పారేయనివ్వకండి, దాచుకోండి. గడ్డ కరిగాక మళ్ళీ ఈఆర్, పీఆర్, హెర్2 చూడాలంటే మిగిలేవి అవే.

గుండె ఎకో లేకుండా ఎర్ర మందు (డాక్సోరుబిసిన్, గుండెని దెబ్బతీయగలదు) ఎక్కించుకోవద్దు.

కీమో నడుస్తుండగా

జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా హాస్పిటల్‌కే, ఇంట్లో గోళీ వేసుకుని తెల్లారేదాకా చూడొద్దు. గడ్డ తగ్గకుండా పెరుగుతున్నట్టుంటే తర్వాతి సైకిల్ దాకా ఆగకుండా ఆరోజే చెప్పండి.

చివరి సైకిల్ తర్వాత

అసలు ప్రమాదం ఇక్కడే. ఒంట్లో ఓపిక వస్తుంది, గడ్డ కనపడదు, చుట్టాలు "కత్తి తగిలితే పాకుతుందట" అంటారు. కత్తి తగిలితే పాకదు, వదిలేస్తే పాకుతుంది. మామూలుగా 3 నుంచి 6 వారాల్లో సర్జరీ అయిపోవాలి, 8 వారాలు దాటనివ్వకండి.

ఇంకోటి, తర్వాత ఏ మందు ఇవ్వాలో చెప్పేది కూడా ఆ తీసిన ముక్కే. హెర్2 పాజిటివ్‌లో ఏమైనా మిగిలితే మామూలు ట్రాస్టుజుమాబ్ (హెర్2 మీద పనిచేసే మందు) బదులు టీడీఎం1 (దానికే కీమో మందు జతచేసింది) ఇస్తే తిరగబెట్టే ప్రమాదం సగానికి తగ్గిందని కేథరిన్ ట్రయల్లో తేలింది, 1,486 మంది మీద. హెర్2 లేనివాళ్ళలో మిగిలితే కేపసిటబిన్ మాత్రలు, అది జపాన్, కొరియా వాళ్ళు 910 మందిలో చూశారు. ఆపరేషనే మానేస్తే మీకు ఏం మిగిలిందో ఎవరికి తెలుస్తుంది, ఆ మందు ఎవరిస్తారు?

"అమెరికాలో ఆపరేషన్ లేకుండానే చేస్తున్నారట" అని వాట్సాప్‌లో పంపుతారు. అది 50 మందితో చేసిన పరిశోధన, ప్రత్యేకమైన సూదితో ముక్కలు తీసి చూసి, క్యాన్సర్ దొరకని 31 మందికే సర్జరీ ఆపారు, కరెంటు (రేడియేషన్) మాత్రం అందరికీ పెట్టారు. మీరు ఇంట్లో కూర్చోవడం అది కాదు.

మూఢం అని ఆగొద్దు. ఆషాఢం అని ఆగొద్దు. కూతురి పెళ్ళి అయ్యాక అనొద్దు. ఆకు పసరు వద్దు. గడ్డ కరిగినా సర్జరీ, స్కాన్ క్లియర్ వచ్చినా సర్జరీ. ఆరోగ్యశ్రీ అప్రూవల్ కాగితాలు చివరి సైకిల్‌కి ముందే పెట్టించండి. డబ్బు ఇబ్బందైతే సోషల్ వర్కర్‌ని అడగండి, మాయమైపోకండి. రొమ్ము పోతుందని భయమైతే సర్జన్‌తో ఆ మాటే అనండి, గడ్డ తగ్గిన చాలామందికి మొత్తం తీయక్కర్లేదు. భర్తని, అత్తగారిని కూడా డాక్టర్ ముందు కూర్చోబెట్టండి, ఆపేది వాళ్ళే. చివరి సైకిల్ రోజు ఫైలు మీద సర్జరీ తేదీ రాయించుకున్నాకే కుర్చీలోంచి లేవండి.