మూలన పడ్డ ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసుకోవడం ఎలా

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది, చాలా పాత ల్యాప్‌టాప్‌లలో విండోస్ 11 ఎక్కదు, షాపులో అడిగితే కొత్తది కొనమంటారు. కాస్త ఆగండి. అమీర్‌పేట హాస్టల్లో ఉన్నప్పుడు కొన్న ల్యాప్‌టాప్ మీదే నేను ఇది రాస్తున్నాను, అందులో ఉన్నది లినక్స్ మింట్, అంటే విండోస్‌కి బదులుగా కంప్యూటర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్.

ఇది ఫ్రీ సాఫ్ట్‌వేర్. ఫ్రీ అంటే ఇక్కడ స్వేచ్ఛ. 1983లో అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్ట్ ప్రకటించారు, ఆ దారిలో వచ్చిన సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు. అలా లోపలికి తొంగిచూసి బాగుచేసేవాళ్లనే అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో మొదట హ్యాకర్లు అన్నారు, దొంగల్ని కాదు. మన హైదరాబాద్‌లో ఈ ఉద్యమాన్ని నడిపే సంస్థ పేరే స్వేచ్ఛ.

సరే, పనిలోకి వద్దాం. ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఈ రెండో పని చేయక మా అక్క పెళ్లి ఫొటోలు సగం పోగొట్టాను, ఇప్పటికీ బాధే.

ర్యామ్ 4 జీబీ ఉంటే చాలు, మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్ తీసుకోండి, తేలిగ్గా నడుస్తుంది. ఇంకా పాత హార్డ్‌డిస్కే ఉంటే మాత్రం డబ్బు పెట్టాల్సింది దాని బదులు వేసే వేగమైన ఎస్‌ఎస్‌డీ డిస్క్ మీదే, తేడా మొదటి రోజే తెలుస్తుంది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే సీటీసీకి ల్యాప్‌టాప్ పట్టుకునే వెళ్లండి, నాలుగు షాపుల్లో ధర అడగండి, మీ ముందే విప్పి బిగించమనండి.

మింట్ ఫైల్‌ని వాళ్ల సొంత సైట్ నుంచే దించుకుని, రూఫస్ అనే విండోస్ ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి (అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి). పెన్‌డ్రైవ్ పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కండి, కొన్నింటిలో ఎఫ్9 లేదా ఎస్కేప్ ఉంటుంది; వచ్చే మెనూలో పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోండి.

డెస్క్‌టాప్ రాగానే ఇన్‌స్టాల్ నొక్కకండి. ఇప్పుడు మింట్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తోంది, మీ డిస్క్‌ని ఇంకా ముట్టుకోలేదు, కాబట్టి టెన్షన్ లేకుండా ఓ గంట వాడి చూడండి: వైఫై, సౌండ్, కెమెరా, బ్రైట్‌నెస్ మీటలు. వైఫై కనిపించకపోతే వదిలేయకండి, ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి ఫోన్ నెట్‌ని పంచే టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, ఇన్‌స్టాల్ అయ్యాక మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిస్తే వైఫైని నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. అన్నీ బాగుంటేనే ఇన్‌స్టాల్ చేయండి. డిస్క్ మొత్తం చెరిపెయ్యాలా, విండోస్ పక్కనే పెట్టాలా అని అడుగుతుంది, ఆ ఒక్క తెర దగ్గర నిదానంగా చదవండి.

తెలుగు టైపింగ్‌కి కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ల దగ్గర ఇండియన్ కింద తెలుగు కలపండి. అందులో కగప రకం ఎంచుకుంటే ఇంగ్లిష్ కె మీట నొక్కితే క పడుతుంది, కొత్తవాళ్లకి అదే సులువు. ఇక మెనూల్లో ఎక్కడైనా తెలుగు మాట ఎబ్బెట్టుగా కనిపిస్తే లాంచ్‌ప్యాడ్ అనే వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరవండి, మింట్ అనువాదాలు జరిగేది అక్కడే, మీ ఇంట్లో అనే మాటనే అక్కడ సూచించండి.