పార్టీలో మీ మాట చెల్లాలంటే ఏం చేయాలి?

గుంటూరులో పార్టీలో చేరిన కొత్తవాళ్లు ముందు ఫ్లెక్సీ కట్టిస్తారు. శంకర్ విలాస్ సెంటర్లో ఎమ్మెల్యే పక్కన మీ ఫొటో వేలాడితే మీ బావమరిది తప్ప ఇంకెవరూ చూడరు. ఆ డబ్బు దాచుకోండి.

సభ్యత్వం ఫోన్లోనే అయిపోతుంది. ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం సర్వీసు నిబంధనలు ఒప్పుకోవు.

నగరపాలక సంస్థలో 57 డివిజన్లున్నాయి. మీది ఏ డివిజనో, మీ ఓటు ఏ బూత్‌లో ఉందో చూసుకుని పార్టీ డివిజన్ అధ్యక్షుణ్ణి కలవండి. పదవి అడక్కండి. బూత్ లెవల్ ఏజెంటుగా (బీఎల్‌ఏ), అంటే ఆ బూత్ ఓటర్ల జాబితా చూసుకునే పార్టీ మనిషిగా, పేరు పెట్టమనండి. ఆ పనికి పోటీ ఉండదు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. బూత్ ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. సాయంత్రం ఆరు దాటాకే వెళ్లాలి, కండువా వేసుకోకూడదు, పెన్సిల్‌తోనే రాసుకోవాలి. బ్రాడీపేటలాంటి చోట అద్దెవాళ్లు మారుతూనే ఉంటారు. కొత్త ఓటుకు ఫారం 6, ఇల్లు మారినా తప్పులున్నా ఫారం 8. వీటితో ఇబ్బంది లేదు.

ఫారం 7 దగ్గర జాగ్రత్త. అది పేరు తీసేయమని ఇచ్చేది. తలుపు తాళం వేసి ఉందని, పక్కింటావిడ చెప్పిందని సంతకం పెట్టేయకండి. కూతురి దగ్గరికి హైదరాబాద్ వెళ్లిన పెద్దాయన నెల తర్వాత తిరిగొస్తారు. తెలిసి తప్పుడు వివరాలిస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నాయకుడు ఫారం 7ల కట్ట ఇచ్చి 'సంతకాలు చేసెయ్ తమ్ముడూ' అంటే, 'చూసొచ్చి చేస్తానన్నా' అనండి. అలుగుతాడు, అలగనివ్వండి. కేసైతే అందులో ఉండేది మీ పేరే. ఎవరి ఆధార్ ఫొటో తీయకండి, ఓటీపీ అడక్కండి.

సోషల్ మీడియా వింగ్‌లో చేరమని చెప్పేవాళ్లుంటారు. అక్కడ పోస్టులు పెట్టేవాళ్లు వేలల్లో ఉంటారు. మీ బూత్‌లో ఏ ఇంట్లో ఎవరున్నారో తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురే. టికెట్ ఆశించేవాళ్లంతా వాళ్లింటికే వస్తారు. వచ్చినప్పుడు కాంట్రాక్టు అడక్కుండా వీధి డ్రైనేజీ అడగండి. నలుగురి ముందు అడగండి.

పోలింగ్ రోజు బూత్‌లో పార్టీ ఏజెంటుగా కూర్చుంటే మాక్ పోల్‌కే, అంటే ఓటింగ్ యంత్రాన్ని సరిచూసే నమూనా పోలింగుకే, హాజరవ్వండి, అది అసలు పోలింగుకు గంటన్నర ముందు మొదలవుతుంది. చివర్లో ప్రిసైడింగ్ అధికారి ఇచ్చే ఫారం 17సీ కాపీలో పోలైన ఓట్ల సంఖ్య సరిచూసుకున్నాకే లేవండి.