బాపట్ల తీరాన పొలం కొనేటప్పుడు చూడవలసినవి

బాపట్ల, చీరాల పట్టణాలకు సముద్రం వైపున, సూర్యలంక, వాడరేవు దారుల్లోని ఇసుక నేలల్లో ఎకరమో అరెకరమో కొని, నాలుగు జీడిమామిడి మొక్కలు నాటి, చిన్న ఇల్లు కట్టుకోవాలనుకునేవారు బయానా ఇవ్వకముందే ఆ పొలాన్ని రెండు కాలాల్లో చూడాలి. మే నెలలో చూస్తే నీళ్లు ఉన్నాయో లేదో, నవంబరు వానల్లో చూస్తే నీళ్లు పోతాయో లేదో తెలుస్తుంది. మధ్యవర్తులు సాధారణంగా సంక్రాంతి తర్వాత, అంతా పచ్చగా ఉన్నప్పుడు తీసుకువెళతారు కనుక ఆ ఒక్క చూపుతో నిర్ణయానికి రాకూడదు.

ఈ ఇసుక నేలల్లో మంచినీరు అడుగునున్న ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. అందుకే ఇక్కడి రైతులు లోతు బోర్ల జోలికి పోకుండా దొరువులు, అంటే లోతు తక్కువ గుంటలు, తవ్వుకుని పైనీటినే తోడుకుంటూ వచ్చారు. మోటారుతో అదేపనిగా లాగితే ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. పొలంలో ఫిల్టర్ పాయింటు (పైనీటిని తోడే లోతు తక్కువ గొట్టపు బావి) ఉంటే దాన్ని రెండు మూడు గంటలు నడిపించి, మొదట్లో ఒక సీసా, చివర్లో ఒక సీసా పట్టి, రెండింటినీ నీటి పరీక్షకు పంపించండి. రెండో సీసాలో లవణాలు బాగా పెరిగితే ఆ మంచినీటి పొర తోటకు చాలదని అర్థం. చుట్టుపక్కల వేరుశనగ, కూరగాయలు పండుతుంటే మంచిదే. సరుగుడు తప్ప మరేమీ కనిపించకపోతే కారణం అడగాలి. దగ్గర్లో రొయ్యల చెరువు ఉంటే దాని గట్టు కింద నేల మీద తెల్లటి ఉప్పు పొర కట్టిందేమో వంగి చూడండి. అది ఉన్నచోట ధర ఎంత తక్కువైనా నేనైతే కొనమని చెప్పను.

ఇల్లు కట్టే ఆలోచన ఉంటే పోటు రేఖ (పోటు సమయంలో సముద్రపు నీరు చేరే హద్దు) నుంచి దూరం ముఖ్యం. తీర ప్రాంతంలో కట్టడాలను నియంత్రించే సీఆర్‌జెడ్ నిబంధనలు ఆ రేఖ నుంచి 500 మీటర్ల వరకు వర్తిస్తాయి. గ్రామాల్లో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలకు సాధారణంగా వీలుండదు. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత బాగా ఎక్కువున్న చోట్ల దీన్ని 50 మీటర్లకు తగ్గించినా, మీ సర్వే నంబరు ఏ విభాగంలోకి వస్తుందో తీర ప్రణాళిక పటంలోనే చూసుకోవాలి. పోటునీరు ఎక్కే కాలువలకూ ఈ నిబంధనలు వర్తిస్తాయని చాలామంది మరచిపోతారు.

కాగితాల్లో మొదట చూడవలసింది అది పట్టా భూమా, ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ భూమా అన్నది. ఇలా పేదలకిచ్చిన (అసైన్డ్) భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. కేటాయించి 20 ఏళ్లు దాటినవాటికి హక్కులిస్తూ 2023లో సవరణ వచ్చింది నిజమే, కానీ ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో లేదని రిజిస్ట్రారు కార్యాలయంలో తేలేదాకా రూపాయి కూడా ఇవ్వకండి. దేవాదాయ, పోరంబోకు, అటవీ భూముల సంగతీ అంతే.

తర్వాత కనీసం 30 ఏళ్ల లింకు దస్తావేజులు (భూమి చేతులు మారిన పాత పత్రాలు), ఈసీ (భూమిపై జరిగిన లావాదేవీలు, తాకట్ల ధ్రువపత్రం), 1-బి (యాజమాన్య హక్కుల రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) తీసుకుని న్యాయవాదికి చూపించాలి. రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్పీఎం (కొత్త భూమి పటంలోని) నంబర్లు వచ్చాయి కనుక పాత దస్తావేజులోని విస్తీర్ణం కొత్త రికార్డుతో సరిపోతుందో లేదో సెంట్లతో సహా సరిచూడాలి. పిత్రార్జితమైతే ఆడపిల్లల సంతకాలు కూడా తప్పనిసరిగా తీసుకోండి. పెళ్లిళ్లప్పుడే వాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చేశామన్న మాట కోర్టులో నిలవదు. పొలానికి వెళ్లే దారి ప్రభుత్వ డొంకా, లేక పొరుగువారి దయా అన్నది గ్రామ పటంలో చూస్తే తేలిపోతుంది.

విదేశాల్లో స్థిరపడినవారు ఒక సంగతి గమనించాలి: ఎన్నారైలు, ఓసీఐ కార్డుదారులు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారు) వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందవచ్చు గానీ, విదేశీ మారకద్రవ్య చట్టమైన ఫెమా నిబంధనల ప్రకారం కొనకూడదు. తమ్ముడి పేరున కొని తర్వాత చూసుకుందామనుకోవడం బేనామీ చిక్కుల్లో పడేస్తుంది.

రిజిస్ట్రేషనుకు ముందే సర్వేయరుతో, ఇరుగుపొరుగు రైతుల సమక్షంలో కొలిపించి హద్దురాళ్లు పాతించండి. రిజిస్ట్రేషను పూర్తయ్యాక 1-బిలో మీ పేరు, విస్తీర్ణం సరిగ్గా ఎక్కాయో చూసుకుని పట్టాదారు పాసుపుస్తకం తీసుకోవాలి. ఇసుక నేలలో గాలికి రాళ్లు పూడిపోతాయి కనుక ప్రతి రాయి దగ్గరా ఒక తాటి మొక్క పెట్టడం ఇక్కడివారికి అనువైన పని.