చేతికి కొలిచి కుట్టించే బాక్సింగ్ గ్లవ్స్: టేపు పట్టే ముందు ర్యాప్ చుట్టండి

మొదటిసారి కుట్టించుకున్న గ్లవ్స్ నాకు పనికిరాలేదు. తప్పులో ముప్పాతిక భాగం నాదే. తిరుపతి బైరాగిపట్టెడలో బట్టలు కుట్టే అన్న దగ్గర టేపు అడిగి తెచ్చుకుని, ఉత్త చేతికి కొలత పట్టి, వాట్సాప్‌లో పంపేశా. నెలన్నర తర్వాత ఎర్రగా నిగనిగలాడుతూ పార్సిల్ వచ్చింది, ఇంట్లో అందరికీ చూపించా, సాయంత్రం ప్రాక్టీసుకి పోయి ర్యాప్ (గ్లవ్స్ లోపల చేతికి చుట్టుకునే పొడవాటి గుడ్డ పట్టీ) చుట్టి చెయ్యి దూరిస్తే సగంలోనే బిగుసుకుపోయింది. కుట్టినాయనకి ఫోన్ చేస్తే "మీరిచ్చిన కొలతే కదా సార్" అన్నాడు. నిజమే. ర్యాప్‌తో కొలిచారా అని ఆయన కూడా అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

ముందు ఒక మాట. ప్రాక్టీసు మొదలుపెట్టి ఆరు నెలలు కాకపోతే కుట్టించుకోవద్దు, స్పోర్ట్స్ షాపులో దొరికే మామూలు జతతోనే కానివ్వండి. మీ చేతికి ఏం కావాలో, పంచ్ ఎక్కడ తగులుతోందో, ఏ కణుపు నొస్తోందో అప్పటికిగానీ తెలీదు. అరచెయ్యి వెడల్పుగా ఉండి వేళ్లు పొట్టిగా ఉన్నవాళ్లు, ఒకసారి చిటికెన వేలు ఎముక విరిగినవాళ్లు, రెండు చేతులకీ సైజులో బాగా తేడా ఉన్నవాళ్లు, వీళ్లకి మాత్రం కొలిచి కుట్టిన జతకీ రెడీమేడ్‌కీ తేడా మొదటి రౌండులోనే తెలిసిపోతుంది.

ఇక కొలత. సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక కొలవండి, అప్పటికి చేతులు కొంచెం ఉబ్బి ఉంటాయి. మీరు రోజూ వాడే ర్యాప్‌నే, రోజూ చుట్టినట్టే చుట్టండి. 180 అంగుళాలది, అంటే సుమారు నాలుగున్నర మీటర్లది వాడుతుంటే కొలతకీ అదే, పొట్టిది దొరికింది కదా అని దాంతో కానివ్వకండి. చెయ్యి చాచి, బొటనవేలు వదిలేసి, కణుపుల మీదుగా టేపు చుట్టి రాసుకోండి. తర్వాత పిడికిలి బిగించి మళ్లీ అక్కడే కొలవండి, రెండు అంకెలూ పంపాలి. మణికట్టు మడత నుంచి నడిమి వేలి కొస దాకా పొడవు, మణికట్టు చుట్టుకొలత, బొటనవేలు మొదలు నుంచి కొస దాకా, ఇవి కూడా. అన్నీ రెండు చేతులకీ విడివిడిగా తీయండి. నాకు కుడి చెయ్యి అర సెంటీమీటరు పెద్దదని అప్పటిదాకా నాకే తెలీదు.

ఆఖర్న తెల్ల కాగితం మీద చెయ్యి పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీత గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. పెన్సిల్ నిలువుగా పట్టుకోవాలి, వాల్చితే ఒక్కో వేలూ లావుగా పడుతుంది.

ఔన్సుల దగ్గర చాలామంది పొరబడతారు. ఔన్సు అనేది గ్లవ్ బరువు, చేతి సైజు కాదు. 12 ఔన్సులంటే ఒక్కో గ్లవ్ సుమారు 340 గ్రాములు, 16 అంటే 450 దాటుతుంది. వేలాడే పంచింగ్ బ్యాగుకీ, కోచ్ చేతులకి తొడుక్కుని పట్టే మెత్తలకీ (మిట్స్) కలిపి ఒకే జత అనుకుంటే నా లెక్కలో 12 సరిపోతుంది, మనిషి 80 కిలోలు దాటితే 14 చెప్పండి. పార్సిల్ రాగానే తూకం వేయండి, సిగ్గుపడొద్దు. నేను మా వీధి చిల్లర కొట్టులో కందిపప్పు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టా, ఎడమది 342, కుడిది 371. కొట్టాయన "ఇదేం సరుకప్పా" అని నవ్వాడు గానీ, రెండిటి మధ్య ముప్పై గ్రాముల తేడా అంటే లోపల ఫోమ్ ఒకేలా పడలేదన్నమాటే.

డబ్బంతా పెట్టాల్సింది ఫోమ్ మీద. రంగు మీద కాదు, పేరు ఎంబ్రాయిడరీ మీద అసలే కాదు. బ్యాగ్ కొట్టేటప్పుడు వందల దెబ్బలు ఒకేచోట పడతాయి, బ్యాగ్ బరువుకి ఆ అదురంతా తిరిగి మీ కణుపులకే వస్తుంది. మిట్స్ అలా కాదు, పట్టుకున్న కోచ్ చెయ్యి కొంచెం వెనక్కి పోతుంది, అక్కడ కావాల్సింది వేగం, చేతిలో ఇమిడే ఆకారం, దెబ్బ సరిగ్గా పడిందా లేదా అన్న స్పర్శ. రెండిటికీ ఒకే జత కావాలంటే పొరల ఫోమ్ అడగండి: బయటి వైపు గట్టిది, దెబ్బని నాలుగు వైపులా పంచడానికి, చేతిని ఆనుకుని మెత్తటిది. మొత్తం మందం ఎంతో మిల్లీమీటర్లలో చెప్పమనండి. "మంచి ఫోమే వేస్తాం సార్" అనే జవాబుతో సరిపెట్టుకోవద్దు. అచ్చులో పోసిన ఒకే ముక్క ఫోమ్ బ్యాగుకి బాగానే ఆగుతుంది, కాకపోతే మీకోసం పొరలు మార్చే వీలుండదు, అలాంటప్పుడు కొలిచి కుట్టించి ఏం లాభం? గుర్రపు వెంట్రుకలు కూరిన మెక్సికన్ రకం గ్లవ్స్ వీడియోల్లో చూసి మోజు పడకండి. వాటిలో దెబ్బ స్పర్శ అద్భుతంగా ఉంటుంది గానీ వాడేకొద్దీ అణిగిపోయి కణుపులకి రక్షణ తగ్గుతుంది. రోజూ బ్యాగ్ కొట్టేవాడికి అవి కావు.

తోలు సంగతి మన వైపు కొంచెం తమాషాగా ఉంటుంది. చిత్తూరు నుంచి బోర్డర్ దాటితే వేలూరు, రాణిపేట, ఇంకొంచెం పోతే ఆంబూరు, వాణియంబాడి, అన్నీ తోలు ఊళ్లే. అక్కడ తోలు కొని ఇక్కడ చెప్పులు కుట్టే ఆయనతో గ్లవ్స్ కుట్టిద్దామని నేనూ ప్లాన్ వేశా. వద్దు. కష్టం తోలులో లేదు, లోపలి ప్యాటర్న్‌లో, ఫోమ్ కోతలో ఉంది. అది మీరట్‌లో, జలంధర్‌లో ఈ పని చేసేవాళ్లకి అలవాటు, వాళ్లకే పంపండి. ఊళ్లో ఆయన మాత్రం తర్వాత పనికొస్తాడు, పట్టు పోయిన వెల్క్రో మార్చడానికి, ఊడిన కుట్టు వేయడానికి. ఏ జంతువు తోలో ముందే అడిగి రాయించుకోండి, మా అవ్వ పార్సిల్ చూసి అడిగిన మొదటి ప్రశ్న అదే. ఆవు తోలు వద్దనుకుంటే గేదె తోలు ఉంది, మైక్రోఫైబర్ అనే కృత్రిమ తోలు ఉంది, ఇవి నాసిరకమేం కాదు.

చిన్నవి నాలుగు విషయాలు ఆర్డర్‌లో రాతపూర్వకంగా ఉండాలి. బొటనవేలు గ్లవ్‌కి తోలు పట్టీతో కలిపి ఉండాలి, విడిగా ఉంటే ఎక్కడైనా తగులుకుని వెనక్కి విరుగుతుంది. కుట్లకి నైలాన్ దారం, బొటనవేలు మొదట్లో రెండు వరసలు, ఎందుకంటే ముందు చిరిగేది అక్కడే. లోపలి గుడ్డ నైలాన్‌ది, కాటన్ వేస్తే మన ఎండలకి వారంలో వాసన కొడుతుంది. మణికట్టు దగ్గర బిగించేది వెల్క్రో. లేసులకి మణికట్టు పట్టు బాగుంటుంది, నిజమే, కానీ పొద్దున ఐదున్నరకి ఒక్కడే బ్యాగ్ కొట్టేవాడికి లేసు ఎవరు కడతారు?

అడ్వాన్సు సగమే ఇవ్వండి. మిగతాది ఫోటోలు, తూకం వీడియో చూశాక.

చేతికొచ్చాక ర్యాప్‌తో వేసుకుని పిడికిలి బిగించండి. వేళ్ల కొసలు లోపలి అంచుని ఊరికే తాకాలి, నొక్కుకోకూడదు. లోపల అరచేతికి అడ్డంగా పట్టుకునే కమ్మీ వేళ్ల మొదట్లోకి రావాలి. గోడకి మెల్లగా ఆనించి నొక్కితే బరువు మొదటి రెండు కణుపుల మీద పడాలి, చిటికెన వేలు వైపు పడుతుంటే ఫోమ్ వంకరగా ఉన్నట్టే, అదే రోజు వెనక్కి పంపండి. కొత్త జత రెండు వారాల పాటు మెత్తటి దెబ్బలతో రెండు మూడు రౌండ్లే, మెత్తబడాలని సుత్తితో కొట్టే తెలివి మాత్రం వద్దు.

ప్రాక్టీసు అయ్యాక గ్లవ్స్ నోరు తెరిచి, పాత పేపరు ఉండలు కూరి, ఫ్యాన్ కింద పెట్టండి. మే నెల ఎండలో మిద్దె మీద పెడితే తోలు పగులుతుంది, స్కూటర్ డిక్కీలో మరిచిపోతే వాసన మర్నాటికే ఇల్లంతా. నేను చిన్న గుడ్డ సంచిలో వట్టివేరు కట్టి ఒక్కోదాంట్లో వేస్తా, మా కోచ్ "రేయ్, గ్లవ్సా, కూజానా" అంటాడు.

ఈ జతతో స్పారింగ్ (ఎదురుగా మనిషితో ప్రాక్టీసు బౌట్) చేయొద్దు, బ్యాగ్ మీద అణిగి గట్టిపడ్డ ఫోమ్ అవతలి వాడి మొహానికి రాయిలా తగులుతుంది, దానికి 16 ఔన్సులది వేరేగా పెట్టుకోండి. వాడటం మొదలుపెట్టిన తేదీ వెల్క్రో పట్టీ లోపలి వైపు పెన్నుతో రాసేయండి. ర్యాప్ విప్పాక కణుపులు ఎర్రబడటం మొదలైన రోజు ఆ తేదీ చూసుకుని కుట్టినాయనకి ఫోన్ చేయండి, ఆర్డర్ ఇచ్చేటప్పుడే మాట్లాడుకుని ఉంటే పైతోలు అలాగే ఉంచి లోపలి ఫోమ్ మాత్రం మార్చి ఇస్తాడు.