నోట్స్ యాప్‌లోకి టెక్స్ట్ ఫైళ్లు ఎక్కించాక తెలుగు చెడిపోతే

నోట్‌ప్యాడ్‌లో ఏళ్లుగా పోగేసిన పద్యాలు, చీటీ లెక్కలు, వాట్సాప్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన చాట్లు అన్నీ అబ్సిడియన్, జోప్లిన్ లాంటి నోట్స్ యాప్‌లోకి మారుద్దామని కూర్చుంటే వచ్చే తంటాల్లో సగం ఫైలువే, యాప్‌వి కావు. అందుకే యాప్‌ను తిట్టేముందు రెండు పనులు చేయండి. మొత్తం ఫోల్డర్‌కు కాపీ తీసి వేరేచోట పెట్టండి, దాని జోలికి వెళ్లొద్దు. తర్వాత చెడిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి, కానీ సేవ్ కొట్టకండి. అక్కడ బాగుంటే యాప్ చదవడంలో తేడా ఉన్నట్టు. అక్కడా చెత్తే కనిపిస్తే ఆ చెత్త ఎలా ఉందో నింపాదిగా చూడండి. రోగం పేరు అందులోనే ఉంటుంది.

తలమీద గీత ఉన్న ఇంగ్లిష్ 'ఎ' (à), పక్కన డిగ్రీ గుర్తు, పేజీ నిండా ఇదే

యూటీఎఫ్-8 అంటే అక్షరాలను బైట్లుగా, అంటే కంప్యూటర్ దాచుకునే అంకెలుగా, రాసే పద్ధతి. ఇలాంటి పద్ధతినే ఎన్‌కోడింగ్ అంటారు. ఇందులో మన అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు. మొదటి బైటు అన్నింటికీ ఒకటే. రెండోది రెండింట్లో ఏదో ఒకటి. ఈ బైట్లను విండోస్-1252 అనే పాత పట్టిక ప్రకారం చదివితే మొదటిది గీత ఉన్న 'ఎ' అవుతుంది, రెండోది డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో అవుతుంది. అందుకే అదే జంట పదేపదే వస్తుంది. ఇది శుభవార్తే, ఎందుకంటే లోపల తెలుగు భద్రంగా ఉంది.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ (విండోస్‌తో వచ్చే నోట్‌ప్యాడ్ కాదు, విడిగా దొరికే ప్రోగ్రాం)లో ఫైలు తెరిచి ఎన్‌కోడింగ్ మెనూలో 'యూటీఎఫ్-8' నొక్కండి. అదే మెనూలో కింద 'కన్వర్ట్ టు యూటీఎఫ్-8' అని ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. మొదటిది చదివే తీరును మాత్రమే మారుస్తుంది, రెండోది ఫైలులోని బైట్లనే తిరగరాస్తుంది. తెలుగు కనబడ్డాక 'యూటీఎఫ్-8 బామ్' రకంలో సేవ్ చేసి మళ్లీ ఇంపోర్ట్ చేయండి. బామ్ అంటే ఫైలు మొదట్లో ఉండే 3 బైట్ల గుర్తు. ఊహించడంలో తప్పే యాప్‌లకు అది దారి చూపుతుంది.

చెత్తగా కనిపిస్తుండగానే ఎవరో సేవ్ కొట్టేసి ఉంటే వ్యవహారం ముదిరినట్టే. అప్పుడు 'కన్వర్ట్ టు ఆన్సీ' చేసి, ఆ తర్వాత 'యూటీఎఫ్-8' ఎంచుకుంటే చాలాసార్లు తెలుగు తిరిగొస్తుంది. అయితే ఒత్తులను ఒక్కొక్కటే సరిచూసుకోండి. ఒత్తు రావాలంటే మధ్యలో హలంత గుర్తు, అంటే పొల్లు, ఉండాలి. దాని మూడో బైటుకు విండోస్-1252 పట్టికలో అక్షరమే లేదు, అది ఖాళీ గడి. ఏ, ఐ, ఝ, అరసున్నాలదీ అదే గతి. కంటికి కనబడని ఆ బైటును దారిలో ఏదో ఒక ప్రోగ్రాం పారేసి ఉంటే 'అమ్మ' మళ్లీ 'అమ్మ'గా రాదు. పక్కన పెట్టిన కాపీ అవసరం పడేది ఇక్కడే.

డాలర్ గుర్తులు, అంకెలు, బ్రాకెట్లు

ఫైలు మొదట్లో వజ్రం ఆకారంలో రెండు ప్రశ్నార్థకాలు, ఆపైన 'త' ఉండాల్సిన చోట డాలర్, 'ల' ఉండాల్సిన చోట 2, 'న' ఉండాల్సిన చోట బ్రాకెట్ కనిపిస్తే ఆ ఫైలు యూటీఎఫ్-16 అనే ఇంకో ఎన్‌కోడింగ్‌లో ఉన్నట్టు. పాత నోట్‌ప్యాడ్ సేవ్ యాజ్‌లో 'యూనికోడ్' అనే పేరుతో ఇచ్చింది దీన్నే. పేరు చూసి బుద్ధిగా దాన్ని ఎంచుకున్నవాళ్లందరి ఫైళ్లూ ఇలాగే ఉంటాయి, వాళ్ల తప్పేమీ లేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇవి చక్కగా చదవొస్తాయి. సేవ్ యాజ్‌కు వెళ్లి ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కి మార్చి సేవ్ చేస్తే చాలు.

అక్షరాలన్నీ మామూలు ప్రశ్నార్థకాలే

దీనికి మందు లేదు. తెలుగు ఫైలును ఆన్సీ రకంలో, అంటే తెలుగు అక్షరాలకు చోటే లేని పాత పట్టికలో, సేవ్ చేస్తే ఒక్కో అక్షరం బదులు ఒక్కో '?' రాసేస్తుంది. కింద దాగి ఉన్నదేమీ ఉండదు. విండోస్ 10లో 2019 నాటి 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్లను యూటీఎఫ్-8లోనే సేవ్ చేస్తోంది. అంతకుముందు డిఫాల్ట్ ఆన్సీ. హెచ్చరిక పెట్టె వచ్చేది గానీ మనం ఓకే కొట్టేసేవాళ్లం. పాత మెయిల్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇంకో కాపీ ఉందేమో వెతకండి. 'పోయినదాన్ని తిరిగి తెస్తాం' అనే టూళ్లకు డబ్బు కట్టకండి.

వరస లేని ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం

పైవాటిలాగా ఏ పద్ధతీ కనబడకపోతే అది డీటీపీ సెంటర్‌లో అను అనే పాతకాలపు తెలుగు ఫాంట్లతో టైపు చేసిన మేటర్ అయి ఉండొచ్చు. అందులో యూనికోడ్ తెలుగు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే తెలుగు, ఎప్పుడూ లేదు. ఇంగ్లిష్ కోడ్‌లకు తెలుగు బొమ్మలు తొడిగారంతే. టెక్స్ట్ ఫైలుగా మార్చేసరికి ఆ తొడుగు ఊడిపోయింది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేసి, ఒకసారి ప్రూఫ్ చూసుకుని, అప్పుడు ఇంపోర్ట్ చేయండి.

అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తే మాత్రం ఫైలుకేమీ కాలేదు, ఫాంట్ లేదు. యాప్ సెట్టింగ్స్‌లో నిర్మలా యూఐ లాంటి తెలుగు ఉన్న ఫాంట్ పెట్టండి.

ఫైలు ఫోల్డర్‌లో ఉంది, యాప్‌లో లేదు

అబ్సిడియన్ పేరు చివర డాట్ ఎండీ (.md) ఉన్న ఫైళ్లనే నోట్స్‌గా చూస్తుంది, డాట్ టీఎక్స్‌టీని పట్టించుకోదు. పేరు చివరి ఆ ఎక్స్‌టెన్షన్ మార్చితే సరి, లోపలి మేటర్‌ను కదపక్కర్లేదు. వందల ఫైళ్లుంటే విండోస్‌లో పవర్‌టాయ్స్ అనే మైక్రోసాఫ్ట్ టూళ్ల సెట్టులోని పవర్‌రీనేమ్ ఒక్క దెబ్బలో మార్చేస్తుంది. మ్యాక్‌లో ఆపిల్ నోట్స్ వాడేవాళ్లకు ఫైల్ మెనూలోనే 'ఇంపోర్ట్ టు నోట్స్' ఉంది, అది టీఎక్స్‌టీని నేరుగా తీసుకుంటుంది.

తెలుగు బాగుంది, రూపమే మారిపోయింది

ఇది మార్క్‌డౌన్ మహిమ. మామూలు గుర్తులను చూసి హెడింగ్, గీత లాంటి రూపాలు తొడిగే పద్ధతి అది, ఈ యాప్‌లు వాడేది దాన్నే. మామూలు టెక్స్ట్‌లో మనం సరదాగా పెట్టుకున్న గుర్తులన్నింటికీ దాని దగ్గర అర్థాలున్నాయి. అన్నింటికంటే తికమక పెట్టేది గీత. పద్దు కింద అడ్డంగా హైఫన్లు కొట్టే అలవాటుంటే వాటి పైనున్న వాక్యం పెద్ద అక్షరాల హెడింగ్ అయిపోతుంది. గీతకు ముందు ఒక ఖాళీ లైను వదిలితే అది మళ్లీ గీతే అవుతుంది. పేరా మొదట ట్యాబో నాలుగు స్పేసులో కొడితే ఆ పేరా కోడ్ అనుకుని బూడిదరంగు పెట్టెలో పెడుతుంది. ఆ స్పేసులు తీసేయాలి.

పద్యపాదాలు నాలుగూ కలిసి ఒకే వరసగా వస్తే, మార్క్‌డౌన్ అసలు నియమంలో ఒక్క ఎంటర్‌కు విలువ లేకపోవడమే కారణం. అబ్సిడియన్‌లో 'స్ట్రిక్ట్ లైన్ బ్రేక్స్', జోప్లిన్‌లో 'సాఫ్ట్ బ్రేక్స్' ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూడండి. అలాంటి సెట్టింగే లేని యాప్‌లో పాదం చివర రెండు స్పేసులు కొట్టాలి.

కళ్లెదుట ఉన్న మాట సెర్చ్‌లో దొరకదు

'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య, రెండు అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే ఒక కనబడని గుర్తు ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. ఫైలులో ఆ గుర్తు ఉండి, మీరు అది లేకుండా వెతికితే చాలా యాప్‌లకు అవి రెండూ వేర్వేరు మాటలే. అన్ని ఫైళ్లలో దాన్ని తీసేయొచ్చు గానీ నేనైతే వద్దంటాను, 'ట' కింద 'వ' ఒత్తు వచ్చి చదవడానికి చిరాకేస్తుంది. 'సాఫ్ట్' వరకే టైపు చేసి వెతకండి, రెండు రకాలూ దొరుకుతాయి.