ఓపెన్‌టోఫుతో సర్వర్ల నిర్వహణ: ముందు స్టేట్ ఫైలు సంగతి చూడండి

ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు పోటెత్తుతాయి. కమీషన్ కొట్లకు బిల్లింగ్ యాప్ నడిపేవాళ్లు ఆ రెండు నెలలకు సర్వర్లు పెంచి, మేలో తగ్గించుకోవాలి. వెబ్ కన్సోల్‌లో నొక్కుకుంటూ పెంచితే తగ్గించే వేళకు ఏ సర్వరు ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తుండదు. అదంతా ఫైళ్లలో రాసి, మార్పుల చరిత్రను గుర్తుపెట్టుకునే గిట్‌లో దాచి, ఆ రాత ప్రకారమే సర్వర్లను నిలబెట్టే పనిముట్టు ఓపెన్‌టోఫు. ఇదే పని చేసే టెర్రాఫామ్ అనే పనిముట్టు హాషీకార్ప్ కంపెనీది. 2023 ఆగస్టులో ఆ కంపెనీ దాని లైసెన్సును ఓపెన్ సోర్స్ అయిన ఎంపీఎల్ 2.0 నుంచి, వాడకంపై ఆంక్షలుండే బిజినెస్ సోర్స్ లైసెన్సుకు మార్చింది. అప్పుడు టెర్రాఫామ్ పాత కోడు నుంచి చీలి, లినక్స్ ఫౌండేషన్ కిందకు వచ్చిందే ఓపెన్‌టోఫు. తొలి స్థిరమైన వెర్షన్ 1.6, 2024 జనవరిలో విడుదలైంది.

కింద కమాండ్లను తెలుగులో రాశాం. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ఇన్‌స్టాల్ చేయడం తేలికే. లినక్స్‌లో ప్రాజెక్టు వాళ్ల ప్యాకేజీ రిపోజిటరీ నుంచి, మ్యాక్‌లో హోంబ్రూ నుంచి దించుకుని, 'టోఫు వెర్షన్' కొట్టి చూడండి. 1.10 గానీ అంతకన్నా కొత్తది గానీ ఉండాలి. ఎందుకో కింద తెలుస్తుంది.

సర్వరు సంగతికి పోకముందే స్టేట్ ఫైలు ఎక్కడ ఉండాలో తేల్చుకోండి. మీ కోడులోని ఏ బ్లాకు క్లౌడ్‌లోని ఏ సర్వరుకు చెందుతుందో రాసి ఉండేది ఈ ఫైల్లోనే. అది పోతే ఉన్న సర్వర్లను ఓపెన్‌టోఫు గుర్తుపట్టదు, మళ్లీ కొత్తవి కట్టబోతుంది. డేటాబేస్ పాస్‌వర్డులు కూడా అందులో మామూలు అక్షరాల్లోనే ఉంటాయి కాబట్టి దాన్ని గిట్‌లో పెట్టకూడదు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు దాచే సేవ ఎస్3. అందులో ఒక బకెట్ (ఫైళ్లుండే పెట్టె) చేత్తో సృష్టించి, పాత ప్రతులు మిగిలేలా వెర్షనింగ్ ఆన్ చేసి, స్టేట్ ఎక్కడుందో చెప్పే బ్యాకెండ్ బ్లాకులో ఆ బకెట్ పేరు, కీ (బకెట్‌లో స్టేట్ ఫైలు పేరు), రీజియన్ (బకెట్ ఉన్న ఏడబ్ల్యూఎస్ ప్రాంతం) రాయండి. 'యూజ్ లాక్‌ఫైల్' విలువను ట్రూ చేయండి. ఇద్దరు ఒకేసారి మార్పులు చేయకుండా ఆపేది ఈ తాళమే. ఎస్3లోనే తాళం వేసే వీలు 1.10తో వచ్చింది. అంతకు ముందు దీనికోసం ఏడబ్ల్యూఎస్ డేటాబేస్ సేవ డైనమోడీబీలో టేబుల్ విడిగా పెట్టాల్సి వచ్చేది.

స్టేట్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం 1.7 నుంచి ఉంది. కీ ప్రొవైడర్‌గా పీబీకేడీఎఫ్2 (పాస్‌ఫ్రేజ్ నుంచి కీ తయారుచేసే పద్ధతి), మెథడ్‌గా ఏఈఎస్-జీసీఎం (ఆ కీతో ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) పెట్టండి. పాస్‌ఫ్రేజ్ కనీసం 16 అక్షరాలుండాలి. అప్పటికే స్టేట్ ఉన్న ప్రాజెక్టులో నేరుగా ఇది పెడితే పాత ఫైలు చదవలేక ఆగిపోతుంది. మొదట పాత ఫైలునూ చదవగలిగేలా ఫాల్‌బ్యాక్‌లో అన్‌ఎన్‌క్రిప్టెడ్ మెథడ్ పెట్టి, మార్పులను అమలు చేసే 'టోఫు అప్లై' ఒకసారి నడిపి, తర్వాత ఫాల్‌బ్యాక్ తీసేసి, ఎన్‌క్రిప్షన్‌ను తప్పనిసరి చేసే 'ఎన్‌ఫోర్స్‌డ్' ట్రూ చేయండి. పాస్‌ఫ్రేజ్ పోతే స్టేట్‌ను తెరిచే దారి లేదు, కనీసం ఇద్దరి దగ్గర భద్రంగా ఉంచండి.

రీజియన్ విషయంలో మనవాళ్లు సహజంగానే దగ్గరున్న హైదరాబాద్‌ను ఎంచుకుంటారు. ఏడబ్ల్యూఎస్ 2022 నవంబరులో తెరిచిన ఈ రీజియన్ ఖాతాలో తనంతట తాను ఆన్ అయి ఉండదు. ఖాతా సెట్టింగుల్లో మీరే ఆన్ చేయాలి. లేదంటే మీ ఏడబ్ల్యూఎస్ యాక్సెస్ కీలు సరిగ్గా ఉన్నా ఆథరైజేషన్ ఎర్రర్ వస్తుంది, జనం కీలు మార్చుకుంటూ పొద్దు పోగొట్టుకుంటారు. సర్వరు ఏ సిస్టం ఇమేజీతో మొదలవ్వాలో చెప్పేది ఏఎంఐ నంబరు. ముంబయి నంబరు హైదరాబాద్‌లో పనిచేయదు కూడా. నంబరు కోడులో రాయకుండా, క్లౌడ్ నుంచి వివరాలు తెచ్చే డేటా సోర్స్ బ్లాకుతో వెతికించండి.

ఇక రోజువారీ పని. 'టోఫు ఇనిట్' ప్రొవైడర్లను (క్లౌడ్‌తో మాట్లాడే ప్లగిన్లను) దించి, వాటి వెర్షన్లు నమోదయ్యే లాక్ ఫైలు రాస్తుంది. ఇది పైన చెప్పిన స్టేట్ తాళం కాదు. ఆ లాక్ ఫైలును గిట్‌లో పెట్టాలి, పేరు ముందు చుక్క ఉండే టెర్రాఫామ్ ఫోల్డరును పెట్టకూడదు. తర్వాత ఏమేం మారబోతాయో చూపే 'టోఫు ప్లాన్' కు అవుట్ అనే ఆప్షన్ ఇచ్చి ప్లాన్‌ను ఫైలుగా దాచి, అప్లైకి ఆ ఫైలే ఇవ్వండి. అప్పుడు మీరు చదివిందే అమలవుతుంది. చదివేటప్పుడు మైనస్, ప్లస్ గుర్తులు రెండూ కలిసి ఉన్న చోట ఆగండి. దానర్థం పాతదాన్ని కూల్చి కొత్తది కడతానని. సర్వరుకైతే పరవాలేదు గానీ డేటాబేస్ పక్కన ఆ గుర్తు కనిపిస్తే అప్లై చేయొద్దు. ఏ లైను వల్ల అలా వచ్చిందో ప్లాన్‌లోనే రాసి ఉంటుంది.

ఒకే బ్లాకు నుంచి సర్వర్లను పెంచడానికి, వాటిని వరుస సంఖ్యలతో గుర్తుపెట్టుకునే కౌంట్ వాడితే ఒక చిక్కుంది. గుంటూరు, నరసరావుపేట, సత్తెనపల్లి అని జాబితా రాసి మొదటి పేరు తీసేస్తే మిగతా రెండింటి వరుస సంఖ్యలు జరిగిపోతాయి, వాటినీ మార్చబోతుంది. ఫర్-ఈచ్ వాడండి, పేరే గుర్తు కాబట్టి తీసిన ఒక్కటే పోతుంది. ఇప్పటికే కౌంట్‌తో నడుస్తుంటే మూవ్‌డ్ బ్లాకులతో స్టేట్‌లోని పాత చిరునామాను (వరుస సంఖ్యతో ఉన్న పేరును) కొత్తదానికి కలపండి.

అప్లై నడుస్తుండగా కరెంటు పోవడం, నెట్ తెగడం విజయవాడ ఎండాకాలంలో మామూలే. నెట్ తెగి స్టేట్ బకెట్‌కు చేరకపోతే మీ ఫోల్డరులో 'ఎర్రర్డ్ టీఎఫ్‌స్టేట్' అనే ఫైలు మిగులుతుంది. దాన్ని చెరపొద్దు. నెట్ రాగానే 'టోఫు స్టేట్ పుష్' తో పైకి పంపండి. కంప్యూటరే ఆరిపోతే తాళం అలాగే ఉండిపోతుంది. ఇంకెవరూ పనిచేయడం లేదని అడిగి తెలుసుకున్నాకే, ఎర్రర్‌లో కనిపించే లాక్ ఐడీతో 'టోఫు ఫోర్స్-అన్‌లాక్' కొట్టండి. క్లౌడ్‌లో తయారై స్టేట్‌లోకి ఎక్కని వస్తువులుంటే ఇంపోర్ట్ బ్లాకుతో చేర్చండి. మీరే మధ్యలో ఆపాలనుకుంటే కంట్రోల్-సీ ఒక్కసారే నొక్కి ఆగండి. చేతిలో ఉన్న పని ముగించి స్టేట్ రాసుకుంటుంది. రెండోసారి నొక్కితే ఉన్నపళంగా ఆగిపోతుంది.

టెర్రాఫామ్ నుంచి మారేవాళ్లు స్టేట్‌ను కాపీ చేసి దాచి, టోఫు ఇనిట్, ప్లాన్ నడపండి. మార్పులేమీ లేవని వస్తేనే ముందుకు వెళ్లండి. మారాక రెండు పనిముట్లనూ కలిపి వాడొద్దు.

మేలో సర్వర్లు తగ్గించే ముందు డేటాబేస్ సంగతి చూసుకోండి. కూల్చకుండా ఆపే 'ప్రివెంట్ డెస్ట్రాయ్' సెట్టింగు పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. ఆ రక్షణ ఉండేది డేటాబేస్ బ్లాకులోనే కాబట్టి, బ్లాకంతా చెరిపేస్తే అదీ దాంతోపాటే పోతుంది. ఏడబ్ల్యూఎస్ డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌లో 'డిలీషన్ ప్రొటెక్షన్' కూడా ట్రూ చేసి ఉంచితే, బ్లాకు పోయినా ఏడబ్ల్యూఎస్ వైపు నుంచి చెరపనివ్వదు.